సాంచల షెడ్డులో యెఫ్తా బిడ్డ

ముడుపు కట్టింది నేను. కట్టింది నా బిడ్డ పేరు మీద. బిడ్డను అడగలేదు.

కట్టిన రోజు నాకు బాగా గుర్తు. రెండో కరోనా, ఏప్రిల్ నెల. నా బిడ్డ మంగ ఆస్పత్రి మూడో అంతస్తులో ఊపిరి అందక కొట్టుకుంటోంది. మా అక్క గంగవ్వ కొడుకు పరమేశ్ ఆటోలో సిలిండర్ వేసుకొని ఊరంతా తిరిగి, ఎక్కడో నింపించుకొచ్చి, లిఫ్టు నడవక మూడంతస్తులు భుజం మీద మోసుకొచ్చాడు. దించాక అతని అంగీ భుజం దగ్గర చిరిగి, తోలు లేచి కనబడింది. అది చూసి నాకు ఏమయిందో తెలియదు. అక్క కొంగు చింపి పసుపు అద్ది ఇచ్చింది. రూపాయి బిళ్ల పెట్టి మూట కట్టాను. "వేములవాడ రాజన్నా, నా బిడ్డ లేచి నడిస్తే దీన్ని అక్క ఇంటి కోడలిని చేస్త" అన్నాను. అక్క అంత కోరిక కోరలేదు. నా నోరే తెరుచుకుంది. ఏడాదిలో పది మాటలు మాట్లాడే నోరు, ఆ రోజే తెరుచుకోవాలా?

మంగ లేచి నడిచింది.

నేను నలభై ఒక్క యేండ్లు సూరత్‌లో సాంచలు నడిపాను. కరెంటు మగ్గాన్ని మా సిరిసిల్ల దిక్కు సాంచ అంటారు. ఒక షెడ్డులో ఇరవై సాంచలు ఒక్కసారి కొట్టుకుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినబడదు. కొన్నేండ్లకు షెడ్డు బయట కూడా వినబడదు. అందుకే మేం పెదవులు చూసి మాట పట్టుకుంటాం. దూరంగా ఉంటే చెయ్యి చూపిస్తాం. పిడికిలి బిగించి తలమీదికి లేపితే, పోగు తెగింది, బంద్ చెయ్యి అని. అరచెయ్యి విప్పి రెండుసార్లు ముందుకు తోస్తే, నడిపించు అని.

మంగ చిన్నప్పుడు నాకు టిఫిన్ తెచ్చేది. వాకిట్లో నిలబడి, గొంతు పెగల్చకుండా పెదవులతోనే "బాపూ, పప్పుచారు" అనేది. ఏడో నంబరు సాంచ దగ్గర నిలబడి నేను పట్టుకునేవాణ్ని. మా ఇద్దరి భాష అదే. తర్వాత కరోనా వచ్చి అందరి మూతికీ గుడ్డ కట్టింది. ఆ గుడ్డలు నా చెవుల మీద కట్టినట్టే అయింది.

దసరా పోయిన నాలుగో నాడు అక్క వచ్చింది. సూరత్ డిండోలిలోనే మా గల్లీకి రెండు గల్లీల అవతల ఆమె ఇల్లు.

"తమ్మీ, మాఘంల మంచి రోజులున్నయట. పరమేశ్ ఇగ ఈడ ఉండనంటుండు. సిరిసిల్లల నాలుగు సాంచలు కిరాయికి దొరికినయ్. పెండ్లి చేసుకొని ఇద్దరు గాడికే పోతరు."

నేను తల ఊపాను.

"పిల్లకు చెప్పినవా మరి?"

తల అడ్డంగా ఊపాను.

నా భార్య కొమురవ్వ పొయ్యి దగ్గరి నుంచి అందుకుంది. "ఈయన జెప్తడా వదినా? పెండ్లయి ముప్పై నాలుగేండ్లాయె. ఒక్కనాడు నన్ను పేరు పెట్టి పిలిచిండా? 'ఇగో' అంటడు. ఇగో అంటే నన్నో, పిల్లినో తెల్వది. ఇద్దరం ఉరుకొస్తం."

అక్క నవ్వింది. "మా తమ్ముడు మాట తక్కువోడే గని, మాట తప్పెటోడు గాదు."

మెచ్చుకోలుగానే అంది. నేను గుమ్మం వైపు చూశాను. ముడుపు గుమ్మం మీద మేకుకు వేలాడుతోంది. మంగ రోజూ దాని కిందినుంచే పనికి పోయేది. తాను బతికినందుకు కట్టిన మొక్కు అని మాత్రమే ఆమెకు తెలుసు.

ఆ సాయంత్రం చెప్పేద్దామని కూర్చున్నాను. మంగ ఒక బడి ఆఫీసులో రాతపని చేసేది. గుమ్మంలోకి రాగానే మాస్కు తీసేసింది, నేను పెదవులు చూడాలని.

"బాపూ, నీ షెడ్డు ఖాళీగనే ఉన్నది గద? మా సుమతి మేడంకు ఇప్పియ్యరాదూ?"

సుమతి మేడం ఆ బడిలో పాటలు నేర్పే టీచరమ్మ. గుంటూరు వైపు క్రైస్తవులు. భర్త హజీరాలో ఇంజినీరు. జ్వరం తగ్గాక మంగ నాలుగు మెట్లెక్కితే కూలబడేది. అప్పుడు ఈ మేడమే పాట పాడేవాళ్ల ఊపిరి ఎట్లా పట్టాలో రోజూ నేర్పింది. ఊపిరి కోసం మొదలుపెట్టింది పాట దాకా వచ్చింది.

"బైబిల్ కథ పాడుతున్నం బాపూ. వేషాలుండయ్, నాటకం గాదు. వరుసగ నిలబడి పాడుడే. ఒరటోరియో అంటరు. మూడు వందల యేండ్ల కిందటి పాట. అందరికి సమజ్ గావాలని మేడం హిందీల రాసింది. హాలుల దూరం దూరం నిలబడేతందుకు జాగ లేదు. శేఠ్‌ను అడుగు. పూఛీ జో నే, ఒక్కసారి అడిగి సూడు!"

"వేషాల్లేకుంట కథ చెప్పుడంటే మన ఒగ్గుకథ లెక్కనే గదనే" అంది కొమురవ్వ.

"ఆ, గట్లనే అనుకో. నాకు ఒక్కదానికే పెద్ద పాట ఇచ్చింది అవ్వా. జూన్ల నుంచి నన్ను పాటల క్లాసులకే తీసుకుంటదట. ఆఫీసుల కూసునుడు బంద్."

మాఘం ఫిబ్రవరిలో. జూన్ ఆ తర్వాత. నేను తువ్వాల భుజం మీద వేసుకొని శేఠ్ దగ్గరికి పోయాను.

ఉధ్నాలో ఆ షెడ్డుకు నేను కాపలాదారును. మొదటి లాక్‌డౌన్‌లో పనివాళ్లంతా ఊళ్లకు పోతే, శేఠ్ ఇరవై సాంచలనూ తుక్కు కింద తూకానికి అమ్మేశాడు. ఏడో నంబరు లారీ ఎక్కుతుంటే నేను బీడీ కాల్చుకుంటూ అటు తిరిగి నిలబడ్డాను. శేఠ్ మంచివాడే. "గా లో భాయ్, గా లో. ఖాలీ పడా హై" అని పాడుకొమ్మన్నాడు.

ఆదివారం ఆదివారం మధ్యాహ్నం సాధన. ఇరవై మంది. కేరళ నర్సులు, హజీరా కంపెనీల వాళ్లు, చర్చికి పోయే గుజరాతీలు. సుమతి మేడం సుద్దముక్కతో నేలమీద గీతలు గీయబోతుంటే నేను చెయ్యి అడ్డం పెట్టి చూపించాను. సాంచలు పీకిన చోటల్లా నాలుగు బోల్టు గుంతలు, మధ్యలో నల్లటి నూనె మరక. ఒక్కొక్క జాగాకు ఆరడుగుల దూరం ముందే కొలిచి పెట్టినట్టుంది. ఇరవై సాంచల జాగాలో ఇరవై మంది నిలబడ్డారు. మంగ పోయి ఏడో దాంట్లో నిలబడింది. ఎవరూ చెప్పలేదు.

అందరి మూతికీ మాస్కులే. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను ఇనుప స్తంభానికి అరచెయ్యి ఆనించి నిలబడేవాణ్ని. సాంచ ఎక్కడ తప్పు కొడుతుందో అట్లా స్తంభాన్ని ముట్టుకునే చెప్పేవాణ్ని ఒకప్పుడు. పాట కూడా స్తంభంలోకి వచ్చింది. సాంచలంత గట్టిగా కాదు. పిల్లి గురక పెడుతున్నట్టు.

మూడో ఆదివారం మేడం నీరుకారిపోయింది. అంత దూరం నిలబడితే ఒకరి గొంతు ఒకరికి చేరేసరికి ఆలస్యమవుతోందట. ఒక పక్క ముందుకు పోతే ఇంకో పక్క వెనకబడుతోందట. నేను మంగను పిలిచి, పిలిచాను కాబట్టి చెప్పక తప్పక, "కుడిదిక్కు ఎన్కబడుతున్నరు. చెవిని నమ్మొద్దను. మేడం చెయ్యినే చూడమను" అన్నాను. సాంచల షెడ్డులో మేం బతికింది అట్లాగే. మేడం ఆ మాట పట్టుకుంది. ఆ రోజు సాయంత్రానికి ఇరవై మంది ఒక్క పోగు మీద నడిచారు. స్తంభం నాకు చెప్పింది.

"బాబాయ్ గారూ, మీ గుర్తులేమిటో మాకూ నేర్పండి" అంది మేడం. మంగ చేసి చూపించింది. ఇది బంద్, ఇది నడిపించు. మేడం భర్త పార్థసారథి సారు, లావుపాటి గొంతు ఆయనది, ఆ కథలో తండ్రి పాట పాడేది ఆయనే, పిడికిలి పైకెత్తి చూసుకొని అన్నాడు: "ఇది నాకు కొత్తేం కాదండీ. ఇంట్లో నేను నోరు తెరిస్తే మా ఆవిడ రోజూ చూపించేదే." మాస్కుల వెనక అందరి భుజాలూ ఊగాయి.

నేను మేడాన్ని అడిగాను. "గిది ఏం కథమ్మా?"

ఆమె నాలుగడుగులు వెనక్కి జరిగి, మాస్కు కిందికి దించింది. నేను పెదవులు చూస్తానని మంగ చెప్పినట్టుంది.

"యెఫ్తా అని ఒకాయన బాబాయ్ గారూ. యుద్ధానికి వెళ్తూ దేవుడికి మొక్కుకున్నాడు. గెలిచి తిరిగొస్తే, నా ఇంటి గుమ్మంలోంచి ఎవరు ముందు ఎదురొస్తే వాళ్లని నీకు బలిగా ఇస్తాను అని. గెలిచాడు. ఇంటికొచ్చాడు. తంబురా వాయించుకుంటూ కూతురు ఎదురొచ్చింది. ఒక్కతే కూతురు."

"మొక్కేటప్పుడు బిడ్డను అడిగిండా?"

"లేదండీ."

"తెలిసినంక బిడ్డ ఏమన్నది?"

"నాన్నా, దేవుడి ముందు నోరు తెరిచావు కదా, నీ నోట వచ్చినట్టే చెయ్యి అంది. రెండు నెలలు గడువు మాత్రం అడిగింది. కొండల్లో తిరిగి ఏడ్చుకొని వస్తానని. మన మంగ పాడేది అదే."

నేను చీపురు తీసుకొని షెడ్డు ఆ చివరికి పోయాను. ఊడ్చిందే ఊడ్చాను.

ఇంట్లో పళ్లెం ముందు కూర్చున్నాను గానీ చెయ్యి కదలలేదు. "ఏందయ్యా, పాటలు విని కడుపు నిండిందా?" అంది కొమురవ్వ. నేను ఆమెకు కథ చెప్పాను. నాకు వచ్చినట్టు, నాలుగు ముక్కల్లో.

"గా తండ్రికి బుద్ధున్నదా?" అని ఆమె లేచింది. "మొక్కితే కోడెను మొక్కాలె, మేకను మొక్కాలె. ఎవరొస్తే వాళ్లనట! ఇంట్ల నుంచి బిడ్డ గాకుంట బర్రె ఎదురొస్తదా? నోటికి వచ్చింది మొక్కి..."

అక్కడ ఆగిపోయింది. ఆమె చూపు మెల్లగా గుమ్మం మీది మేకు దాకా పోయింది.

పాట క్రిస్మస్‌కు ముందటి ఆదివారం అని ఖాయమయింది. అక్క అది విని మురిసిపోయింది. "పాటయినంక పిల్ల సంతోషంగ ఉంటది. గప్పుడే చెప్పి బొట్టు పెడత. ముడుపు గూడ తీసుకరా తమ్మీ, దానికింత కుంకుమ అద్దుదం."

శనివారం పరమేశ్ టెంపోలో కుర్చీలు తెచ్చాడు. వంద కుర్చీలు, ఒక్కడే దించాడు. దించి, చేతులు దులుపుకొని, నా మొహానికి ఎదురుగా నిలబడి మాస్కు తీశాడు.

"మామా. మంగకు తెలుసా?"

"లే."

"నువ్వు చెప్తవా, నేనే చెప్పాలెనా?"

"నేనే చెప్త."

అతను మాస్కు పైకి లాక్కొని టెంపో ఎక్కాడు. ఆ సాయంత్రం నేనూ మంగా కలిసి ఉధ్నా నుంచి నడిచి వచ్చాం. నా పక్కన ఆమె కండ్లు తప్ప ఏమీ కనబడడం లేదు. రైలు గేటు దగ్గర నిలబడ్డాం.

"బిడ్డా" అన్నాను.

ఆమె కనుబొమలు లేచాయి. ఏంది బాపూ అంటోందని తెలిసింది.

గూడ్సు బండి అంతా పోయింది. గేటు లేచింది.

"చలి ఉన్నది. చున్నీ నెత్తికి కట్టుకో" అన్నాను.

ఆదివారం నాలుగు గంటలకు షెడ్డు తలుపులు రెండు వైపులా తెరిచాం. మా గల్లీ సాంచల వాళ్లు ఉతికిన అంగీలు వేసుకొని వచ్చారు. హజీరా నుంచి కార్లు వచ్చాయి. ముందు వరసలో కొమురవ్వ, పక్కన అక్క. అక్క ఒడిలో కుంకుమ భరిణె. వెనక తలుపు దగ్గర పరమేశ్. నేను స్విచ్చుబోర్డు పక్కన, స్తంభానికి చెయ్యి ఆనించి. ముడుపు నా జేబులో ఉంది. రూపాయి బిళ్ల బరువెంత? నాకు ఆ రోజు జేబు ఒకవైపు గుంజుకుపోయింది.

రెండు ఫిడేళ్లు, కాళ్ల మధ్య పెట్టుకొని వాయించే ఒక పెద్ద ఫిడేలు, ఒక కీబోర్డు. పాడే వంతు వచ్చినవాళ్లే మాస్కు తీయాలని మేడం నియమం పెట్టింది. అంత సేపూ స్తంభం నా అరచేతిలో గురక పెడుతూనే ఉంది. యుద్ధం వచ్చినప్పుడు మాత్రం గట్టిగా కొట్టుకుంది. పార్థసారథి సారు మాస్కు తీసి మొక్కు మొక్కాడు. యుద్ధం గెలిచాడు. ఇంటికొచ్చాడు. కూతుర్ని చూసి, ఈ నోరు తెరిచాను, మాట వెనక్కి తీసుకోలేను అని పాడి తల దించుకున్నాడు. సారు కంట్లో నిజంగానే నీళ్లు చూశాను. ఆయనకూ ఒక కూతురుందట.

మంగ మాస్కు తీసింది.

రెండు నెలల సాధనలో ఆమె పాడుతుంటే పెదవులు చూడటం నాకు అదే మొదలు. ఏడో నంబరు జాగాలో నిలబడింది. చిన్నప్పుడు వాకిట్లోంచి నన్ను వెతికినట్టు జనం మీదుగా వెతికి, నా మీద చూపు ఆనించి మొదలుపెట్టింది. ఆమెకు ఏమీ తెలియదు. నాకు అర్థం కావాలని పెదవులు విప్పి విప్పి పాడుతోంది, అంతే. నాన్నా, నువ్వు మాట ఇచ్చావు కదా. నా మీద ఇచ్చావు కదా. ఇచ్చినట్టే చెయ్యి. నేనేమీ అనను.

సాంచ మీద పోగు తెగితే ముందు చెయ్యి లేస్తుంది, ఆలోచన తర్వాత వస్తుంది. ఎందుకంటే తెగిన పోగు మీద సాంచ నడిస్తే ఆ తప్పు బట్ట పొడుగునా వస్తుంది. నలభై ఒక్క యేండ్ల అలవాటు.

చూసుకునేసరికి నా చెయ్యి తలమీద ఉంది. పిడికిలి బిగించి ఉంది.

మంగ చూసింది. పెదవులు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత మేడం చెయ్యి చూసి, ఊపిరి పట్టుకొని పాట అందుకుంది. చివరి దాకా పాడింది. కొండల్లోకి పోయిన ఆడపిల్లలంతా కలిసి ఏడ్చే పాటతో కథ అయిపోయింది. జనం చప్పట్లు నేను స్తంభంలో విన్నాను. వెనక్కి తిరిగితే తలుపు దగ్గర పరమేశ్ నన్నే చూస్తున్నాడు. అతనూ సాంచల మీద పెరిగినవాడే.

బయట ఆవరణలో చాయ్ పోస్తున్నారు. అక్క భరిణె మూత తీసి "ఏదే నా కోడలు పిల్ల?" అంటూ మంగ వైపు నడిచింది. పరమేశ్ అడ్డం వచ్చాడు.

"అవ్వా, జర ఆగు."

"ఎందుకురా?"

"మామ బంద్ పెట్టమన్నడు."

"ఎప్పుడన్నడు? మనిషి నోరే తెర్వకపాయె."

"చెయ్యి లేపిండు."

అక్క నా వైపు తిరిగింది. నేను మాస్కు తీశాను. జేబులోంచి ముడుపు తీసి అరచేతిలో పెట్టుకున్నాను.

"అక్కా, తప్పయింది. నాది కానిది మొక్కిన."

"ఏం మొక్కినవ్ బాపూ?" అంది మంగ.

చెప్పాను. ఆస్పత్రి మెట్ల నుంచి మొదలుపెట్టి, చిరిగిన అంగీ, అక్క కొంగు, నా నోరు, దసరా, రైలు గేటు, అన్నీ చెప్పాను. అంతసేపు నేనెప్పుడూ మాట్లాడలేదు. మధ్యలో చాయ్ చల్లారి మీగడ కట్టింది.

"నా కొడుకు భుజం మీద మచ్చ ఇంకా పోలేదు తమ్మీ" అంది అక్క. ఆ ఒక్కటే నాకు సరిపోయింది.

మంగ ముడుపును చూస్తోంది. "బాపూ, నేనొద్దంటే... రాజన్నకు కోపమొస్తదా? మళ్ల నాకేమన్న అయితదా?"

అక్క భరిణె మూత ఠక్కున పెట్టి, మంగ మొహం చుట్టూ చెయ్యి తిప్పి మెటికలు విరిచింది. "థూ థూ. గదేం మాట బిడ్డా. రాజన్న ఇచ్చిన పానం మల్ల గుంజుకుంటడా? ఆయన మీ బాపు లెక్క బుద్ధి లేనోడా?"

మంగ పరమేశ్ ముందుకు పోయి నిలబడింది. "బావా, నువ్వు మోసింది నేను సచ్చేదాక మరువ. గని సిరిసిల్లకు నేను రాను."

పరమేశ్ "సరే" అన్నాడు. తర్వాత, "కుర్చీలు ఆరింటికల్ల వాపస్ ఇయ్యాలె" అని లోపలికి పోయాడు. వంద కుర్చీలూ మళ్లీ ఒక్కడే ఎక్కించాడు. పార్థసారథి సారు సాయం పోతే వద్దన్నాడు.

"ముడుపు ఈడ ఇప్పకు" అంది అక్క నాతో, వేరే దిక్కు చూస్తూ. "వేములవాడల్నే ఇప్పాలె. నీదేదో గది ఇచ్చుకో."

"నాదేమున్నదక్కా?"

"మాటలన్న ఇద్దమంటే గవ్వి గూడ లేకపాయె" అంది కొమురవ్వ, ముక్కు చీదుకుంటూ.

"నెత్తి మీద నాలుగెంట్రుకలున్నయ్ గద. గవ్వి ఇయ్యి" అంది అక్క. చాయ్ తాగకుండానే పోయింది. శివరాత్రి దాకా మా గడప తొక్కలేదు. శివరాత్రికి మాత్రం ఆమే వచ్చి, "లే, పోదం" అంది. నా నెత్తిన ఉన్న ఆ నాలుగూ రాజన్నకే పోయాయి.

పరమేశ్ అంతకు ముందే, మాఘం మొదట్లో, ఒక్కడే సిరిసిల్ల పోయాడు. పొద్దుటి బండి. నేను ఉధ్నా స్టేషన్‌కు పోయాను. పెద్ద గోనెసంచి ఉంది అతని దగ్గర, సాంచ సామాన్లు, ఇనుము. అతను వద్దు వద్దంటున్నా దాన్ని భుజానికి ఎత్తుకున్నాను. మెట్లెక్కి వంతెన దాటి అవతలి ప్లాట్‌ఫారం దాకా మోశాను. మూడుసార్లు ఆగాను గానీ దించలేదు. పెట్టెలో పెట్టి బయటికొస్తే అతను ఏదో అన్నాడు. మూతికి మాస్కు. నాకు పట్టుబడలేదు. చెవి చూపించి తల అడ్డంగా ఊపాను.

బండి కదిలింది. పరమేశ్ తలుపు దగ్గర కమ్మీ పట్టుకొని నిలబడ్డాడు. మాస్కు తీయలేదు. రెండో చెయ్యి బయటికి చాపి, అరచెయ్యి విప్పి, ముందుకు తోశాడు. ఒకసారి. ఇంకోసారి.